తిరిగేది మోటారు, కడిగేది నీళ్ళు

కోయంబత్తూరువాడికి దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే మోటారు కోరుకుంటాడు. ఇదివరకే ఒకటుంటే ఇంకా పెద్దది కోరుకుంటాడు. బావిలో నీళ్ళు తగ్గితే పెద్ద మోటారు, పిండి నున్నగా రాకపోతే పెద్ద మోటారు, మగ్గం మెల్లగా ఆడితే పెద్ద మోటారు. ఎండిపోయిన బావికి మోటారు మార్చినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను, పెళ్ళిళ్ళలో కలుస్తుంటారు.

ఈ మోటారు భక్తి పళ్ళ వైద్యంలోకి కూడా వచ్చింది. నేను ఊళ్ళోనే సింగానల్లూరులో పళ్ళ డాక్టరుగా పనిచేశాను. ఇంక వంగేది లేదని మెడ ఎముకలు తేల్చి చెప్పాక పోయిన ఏడాది పని మానేశాను. ఇప్పుడు మావాళ్ళ పిల్లలు డెంటల్ కాలేజీ ముగించి నన్ను చూడటానికి వస్తుంటారు. అడిగేది ఒకటే: "మామా, రూట్ కెనాల్‌కి ఏ మోటారు మంచిది?" దేనితో కడగాలి, ఎలా కడగాలి అని అడిగినవాడు ఇంతవరకు లేడు. అందుకని ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటల్లో చెప్తాను. పంటి వేర్లలో వెంట్రుకంత సన్నటి కాలువలుంటాయి. పుచ్చు లోపలిదాకా పోతే ఆ కాలువల్లోని మెత్తటి కండ కుళ్ళుతుంది. కాలువను వెడల్పు చెయ్యాలి, కడగాలి, మూసెయ్యాలి. రూట్ కెనాల్ అంటే ఇంతే. వెడల్పు చెయ్యడానికి మోటారు వచ్చింది, దానికి బోర్డు పెట్టుకోవచ్చు. మూసింది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, పేషెంటుకు చూపించుకోవచ్చు. మధ్యలో కడగడం మాత్రం ఎవరికీ కనిపించదు. కనిపించని పని మా ఊళ్ళో ఎవరు చేస్తారు?

మా కస్తూరి పెద్దమ్మ కుడి దవడలో కింద మిగిలిన ఒకే ఒక్క నమిలే పన్ను ఈ ప్రశ్న మీద వేలాడింది. ఆ పన్ను సంగతే చెప్తాను.

చెయ్యి చెప్పే మాట

నన్ను పనిలో పెట్టుకున్నది గోపాలసామి మామ. అమ్మకు వరస తమ్ముడు, సింగానల్లూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే మావాళ్ళందరికీ ఆయనే పళ్ళ డాక్టరు. మావాళ్ళకు ఒక నియమం ఉంది: నోరు తెరిస్తే సొంత మనిషి ముందే తెరవాలి. బట్టల కొట్టు ఎవరిదైనా ఫరవాలేదు, బ్యాంకు ఎవరిదైనా ఫరవాలేదు, డాక్టరు మాత్రం మనవాడై ఉండాలి. దీనివల్ల డాక్టరుకు పేషెంట్ల కొరత ఉండదు. పేషెంటుకు నిజం తెలిసే అవకాశమూ ఉండదు, ఎందుకంటే మనవాడి తప్పును ఇంకో మనవాడు బయటపెట్టడు.

మామ మంచివాడు, చేతి నైపుణ్యం ఉన్నవాడు. పన్ను పీకితే పేషెంటుకు తెలిసేది కాదు. కానీ కాలువ పొడవు కొలవమంటే ఆయనకు అవమానం. కాలువ ఎక్కడ ముగుస్తుందో ఎక్స్‌రే చూసి, కూత పెట్టే మీటరు పెట్టి తెలుసుకోవాలి. ఒక మిల్లీమీటరు తక్కువైతే కుళ్ళు మిగులుతుంది, ఎక్కువైతే ఎముకలోకి గుచ్చుకుంటుంది. నేను స్కేలు తీస్తే మామ నవ్వేవాడు.

"చెయ్యి చెప్తాదిరా వరదా. ఇన్నేండ్లుగా ఈ చెయ్యి చెప్తానే ఉండాది."

"చెప్తాది మామా. నిజమే చెప్తాదని ఎవరు చెప్పిరి?"

"ఆమా, అవునులే, నువ్వు లెక్కల డాక్టరు. పల్లు చూస్తే పల్లు కనపడదు, నెంబరు కనపడతాది."

ఆ పేరు నాకు స్థిరపడింది. కాదనను. కాలేజీలో రూట్ కెనాల్ పేరుతో మాకు నేర్పింది సారుకు ఫైళ్ళు, అంటే కాలువను గీకే సూదుల్లాంటి ఆకురాళ్ళు, అందించడమే. మిగతాది నాకు నేనే నేర్చుకున్నాను. పీకిన పళ్ళను సీసాలో దాచి, వాటి కాలువల్లో సిరా నింపి ఆరబెట్టి, పని చేసి, పన్నును నిలువునా చీల్చి భూతద్దంలో చూసేవాణ్ణి. మిగిలిన సిరా అంతా మిగిలిన మురికి. పుస్తకం చెప్తే నమ్మకపోవచ్చు, సిరా చెప్తే నమ్మక తప్పదు.

ఎంత హెచ్‌పీ?

మోటారు వచ్చిన రోజు క్లినిక్‌లో కర్పూరం వెలిగించారు. చేత్తో తిప్పే స్టీలు ఫైళ్ళకు బదులు, విల్లులా వంగే నికెల్ టైటానియం ఫైళ్ళు. వాటిని తిప్పడానికి పెన్నులాంటి పిడి, దానికో చిన్న పెట్టె. నిజంగానే మంచి సాధనం. వంకర కాలువలో స్టీలు ఫైలు తన దారి తాను తవ్వుకుంటుంది. ఇది కాలువ దారినే పోతుంది. గంట పట్టేది పావుగంటలో అయ్యేది, నా బొటనవేలి నొప్పి పోయింది. నేను మోటారుకు శత్రువును కాను, దాని భక్తులకు శత్రువును.

మామ వెంటనే "కంప్యూటర్ మోటార్ రూట్ కెనాల్" అని బోర్డు రాయించాడు. మొదటి వారంలో వచ్చినవాళ్ళలో పంపుసెట్ల వర్క్‌షాపు పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. నోట్లో దూది పెట్టాక కూడా ఆయన ఊరుకోలేదు, మాట చివర 'ంగ' అనే మా ఊరి మర్యాద కూడా వదల్లేదు.

"డాక్టరుంగ, ఎంత హెచ్‌పీ?"

"జపానుదింగ," అన్నాడు మామ.

"జపాను సరింగ. హెచ్‌పీ?"

"నిమిషానికి మున్నూరు చుట్లు తిరుగుతాదింగ."

"మున్నూరేనా? మా ఇంట్లో చట్నీ మిక్సీ దీన్ని చూస్తే నవ్వుతాదే!"

ఆ మిక్సీ నవ్వు మామకు ముల్లులా గుచ్చుకుంది. పెద్దాయన గడప దాటగానే వేగం పెంచేశాడు. ఆ పెట్టెలో ఇంకో సౌకర్యం ఉంది. ఫైలు కాలువలో బిగుసుకుంటే మోటారు తానే ఆగి వెనక్కి తిరుగుతుంది. మామ దాన్నీ తీసేశాడు. "పేషెంటు ముందర మోటారు వెనక్కి పోతే మర్యాదగా ఉంటాదా?" అన్నాడు.

అంతేకాదు, మొద్దుబారిన డ్రిల్లు బిట్టును సానపట్టి మళ్ళీ బిగించే ఊరు మాది. పనిముట్టు పాడవక ముందే పారెయ్యడం మాకు పాపం. ఈ ఫైలుకు సాన లేదు. చూడటానికి చివరిదాకా కొత్తదిలాగే ఉంటుంది, చెప్పకుండా విరుగుతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళుంటారు. నేను మామకు లెక్క కట్టి చూపించాను. పాత మున్నూరు చుట్లే అనుకున్నా సెకనుకు అయిదు. వంకర కాలువలో ప్రతి చుట్టుకూ ఆ లోహం ఒక పక్క సాగుతుంది, ఒక పక్క నలుగుతుంది. అరనిమిషానికి నూటయాభై సార్లు. నాలుగు కాలువల పన్నుకు ఆరువందలు. ఇనప తీగను అటూ ఇటూ వంచి తెంపడమంటే ఇదే కదా.

"విరగలేదు కదా?" అన్నాడు మామ.

"ఇంకా విరగలేదు మామా."

"మరి విరిగినప్పుడు లెక్క చెప్పు."

ఒక చుక్క లెక్క

ఒకసారి పీకిన పన్నులో సిరా నింపి, మోటారుతో పని ముగించి, మామ ముందు చీల్చాను. కాలువ మధ్యలో దారి తెల్లగా, అందంగా ఉంది. అంచుల్లో, మూలల్లో, రెండు కాలువల మధ్య సందులో సిరా నింపినప్పటిలాగే ఉంది. కాలువ గుండ్రంగా ఉండదు, ఫైలు గుండ్రంగా ఉంటుంది. అది తాకని గోడ చాలా ఉంటుంది. మోటారు చేసేది దారి మాత్రమే. ఆ దారిలో మందునీళ్ళు పోయి, ఫైలు తాకని మూలల్లోని కుళ్ళును కరిగించాలి. మోటారు ఉన్నది నీళ్ళకు దారి ఇవ్వడానికి.

మామ వాడింది ఉప్పునీళ్ళు. అవి కడుగుతాయే కానీ దేన్నీ కరిగించవు. కరిగించేది సోడియం హైపోక్లోరైటు, అంటే మన బ్లీచింగు ద్రావణానికి దగ్గర చుట్టం. దాని మాట ఎత్తితే మామ ముక్కు మూసుకునేవాడు.

"నోట్లో బ్లీచింగు పోస్తావా? క్లినిక్కంతా మునిసిపాలిటీ తొట్టి వాసన వస్తాదిరా."

"పోసేది పంటి లోపల మామా. రబ్బరు డ్యాము కట్టి పోస్తే నోట్లోకి రాదు."

రబ్బరు డ్యాము అంటే పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటికి అడ్డంగా కట్టే పల్చటి రబ్బరు తెర. మామ దానికి "నోటికి గొడుగు" అని పేరు పెట్టాడు. గొడుగు కట్టుకుంటే పేషెంటు మాట్లాడలేడు, పేషెంటు మాట్లాడకపోతే మామకు పని జరిగినట్టే ఉండదు.

ఇంకో లెక్క కూడా కట్టాను. పదమూడు మిల్లీమీటర్ల పొడవు, పైన మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అడుగున పావు మిల్లీమీటరు వెడల్పు ఉన్న కాలువలో పట్టేది ఆరు ఘన మిల్లీమీటర్ల ద్రావణం. ఒక చుక్కంటే యాభై. దవడ పంటి కాలువలన్నీ కలిపినా ఒక్క చుక్కలో మునిగిపోతాయి. మామ దీన్ని పట్టుకున్నాడు: "మరి ఒక చుక్క పోదుం కదా, సిరంజీలు సిరంజీలుగా ఏమిటికి?" పోదుం అంటే తమిళంలో చాలు. చాలదు. ఆ చుక్క కుళ్ళును తాకగానే దాని బలం అయిపోతుంది. పాతది పోయి కొత్తది వస్తుండాలి. అంట్లు తోమేటప్పుడు ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి ఇది. అంట్లు తోమని మగవాళ్ళకు చెప్పడమే కష్టం.

పెద్దమ్మ పన్ను

కస్తూరి పెద్దమ్మ గోపాలసామి మామకు సొంత అక్క. ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోపు ఆమెది. భర్త పోయాక తోపును ఒంటిచేత్తో నడిపింది, ఆ కొబ్బరికాయల మీదే తమ్ముణ్ణి డెంటల్ కాలేజీకి పంపింది. ఆమె నోటికి ఎదురులేదు. ఆ నోట్లో మాత్రం పళ్ళు ఒక్కొక్కటే ఖాళీ చేసి పోతే, కుడి కింద ఒక్క దవడ పన్ను నమిలే పని మొత్తం మోస్తూ ఉండేది. అది పోతే తీసి పెట్టుకునే పళ్ళ సెట్టే గతి. షుగరు, అరిగిన ఎముక. స్క్రూ బిగించి పన్ను పెట్టే వీలు లేదు. సెట్టంటే ఆమెకు అసహ్యం.

"మా అత్త పల్లు సెట్టు గ్లాసులో పెడతా ఉండె. నేను ఇల్లు ఊడుస్తా ఉంటే అది గ్లాసులోనించి నన్ను చూసి నవ్వుతా ఉండె. నేను బతికి ఉండంగా నా పల్లు నన్ను చూసి నవ్వకూడదు," అనేది.

ఆ పన్నుకు మామ మోటారుతో రూట్ కెనాల్ చేశాడు. నేను ఆ వారం ఊళ్ళో లేను. "అరగంటలో ముగిస్తిని," అని చెప్పుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు చిగురు మీద చీముపొక్కు లేచింది. పోతుంది, మళ్ళీ వస్తుంది. పెద్దమ్మ ఫోను చేస్తే మామ మాత్రలు చెప్పేవాడు. చివరికి ఆమె బస్సెక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నీ మాత్రలు చాలు గోపాలూ. ఈ పొక్కు నాతో కాపురం పెట్టి ఉండాది. ఇది పోవాల, పల్లు ఉండాల."

ఎక్స్‌రే నేను తీశాను. వేరు చివర మిరియమంత నల్లటి మచ్చ, అంటే ఎముక కరిగిపోతోంది. ముందు వేరులో రెండు కాలువలు. ఒకదాని అడుగున, చివరి నాలుగు మిల్లీమీటర్లలో, తళుక్కున మెరిసే ముక్క. పక్క కాలువను మామ సగంలోనే వదిలేశాడు. వెనక గదిలోకి పిలిచి చూపించాను.

"ముక్క మామా."

"దుమ్ముగా ఉంటాది."

"దుమ్ముకు మరలుండవు మామా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "వరదా, అక్కకు చెప్పవద్దు. పల్లు బలం లేదని చెప్పి పీకేద్దాం. ఎనభై దగ్గరికి వస్తా ఉండాది, ఇంక ఏమి నమలాల?"

మా వృత్తిలో ఎన్నో పళ్ళు ఇందుకే పోతాయని ఆ నిమిషం అర్థమైంది. పన్ను పీకితే లోపలి తప్పు కూడా దాంతోపాటే ఊడివచ్చి చెత్తబుట్టలో పడుతుంది. పేషెంటు డాక్టరుకు దండం పెట్టి పోతాడు. ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యనాశనం ఏ దొంగకూ చేతకాదు.

"పీకేదానికి కారణం లేదు మామా. కడిగితే నిలబడే పల్లు."

"చెప్తివంటే ఇంక ఈ క్లినిక్ గడప తొక్కొద్దు."

మా క్లినిక్‌లో గదుల మధ్య గోడ ప్లైవుడ్డు. అవతలినుంచి కేక వచ్చింది: "లోపల ఏమి గుసగుస? నా పల్లు గురించే కదా, నా ముందర మాట్లాడండ్రా!"

తోపు న్యాయం

ఎక్స్‌రేను ఆమె ఎదురుగా వెలుగులో పెట్టాను. మామ చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఈ మెరిసేది ఏమిది?"

"ఫైలు ముక్క పెద్దమ్మా. మామ మోటారు పెట్టినప్పుడు విరిగి లోపల ఉండిపోయింది."

ఆమె తమ్ముడి వీపు వైపు చూసింది. "ఒరే గోపాలూ, ఇటు తిరుగు. మన తోపు బోర్లో పైపు జారి పడలేదా? పడితే ఊరికంతా చెప్పి ఏడిస్తిమే. నా నోట్లో పడితే నాకు చెప్పేదానికి ఏమి?"

"చిన్న ముక్కే అక్కా..."

"చిన్నదైతే చెప్పేది ఇంకా సులువే కదా?"

ఆమె నా వైపు తిరిగింది. "పీకాలనా, వద్దా? అది చెప్పు."

"వద్దు. అయితే తప్పకుండా బాగవుతుందని కూడా చెప్పను పెద్దమ్మా. ఆ ముక్కను తీసేదానికి పోతే వేరుకు చిల్లి పడొచ్చు. ముక్క జబ్బు కాదు. అది అడ్డం పడి కడగకుండా మిగిలినదే జబ్బు. పక్క కాలువలోనించి పోయి కడిగి చూస్తాను. ఈ పని నాకన్నా బాగా చేసే స్పెషలిస్టు ఊళ్ళో ఉన్నారు, పంపిస్తాను."

"బయటివాళ్ళ ముందర నోరు తెరవను. నువ్వే చూడు."

మామకు అప్పుడు ఊపిరి వచ్చింది. "అక్కా, ఇంకా మంచి మోటారు వచ్చుండాది. దాన్ని తెప్పిస్తే..."

"గోపాలూ, తోపులో డ్రిప్పు పైపు అడ్డుకుంటే పెద్ద మోటారు పెడితే ఏమైతాది?"

మామ నేల చూశాడు.

"చెప్పరా. తోపులోనే పెరిగితివి కదా."

"పైపు పగులుతాది."

"మరి ఏమి చెయ్యాల?"

"యాసిడు పోసి సున్నపు పెచ్చు కరిగించాల. తర్వాత క్లోరిను పోసి పాచి చంపాల."

"రెండూ కలిపి పోస్తే?"

"ఆ పొగకు మనం చస్తాం."

"కొబ్బరిచెట్టుకు ఇంత తెలిసినవాడివి, అక్క పల్లుకు ఉప్పునీళ్ళు పోస్తివా?"

నాకు నవ్వు ఆగలేదు. పంటికి కూడా సరిగ్గా అవే రెండు. మోటారు గీకినప్పుడు గోడకు అంటుకునే పొడిని తియ్యడానికి ఇ.డి.టి.ఎ., కుళ్ళిన కండను కరిగించడానికి హైపోక్లోరైటు. ఇక్కడ కలిపితే మనం చావం, హైపోక్లోరైటు చస్తుంది. అందుకే ఒకటి కడిగేశాకే ఇంకొకటి. మామ ఈ పాఠాన్ని తోపులోనే నేర్చుకున్నాడు. తెల్లకోటు తొడుక్కున్నాక మరిచిపోయాడు. మా చదువుకు అంత శక్తి ఉంది.

బుడగలు

గొడుగు కట్టాను. పాత సిమెంటు తీసి, సగంలో వదిలిన కాలువలోకి అన్నిటికన్నా సన్నటి చేతి ఫైలును, కొన కాస్త వంచి పంపాను. ఇక్కడ మోటారుకు పని లేదు. దారి తెలియనిచోట మోటారు కొత్త దారి తవ్వుతుంది, అది పంటి బయటికి పోయే దారి. గీకడం, తియ్యడం, కడగడం, మళ్ళీ గీకడం. మీటరు కూత పెట్టినప్పుడు, పన్ను పైకొన నుంచి కొలిస్తే, పొడవు పంతొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఆ తర్వాతే మోటారు. కొత్త ఫైలు, తక్కువ వేగం, వెనక్కి తిరిగే సౌకర్యం పెట్టుకుని. నొక్కకుండా మూడు సార్లు తాకించి బయటికి తియ్యడం, తుడవడం, కడగడం. పని కాగానే ఫైలును చెత్తబుట్టలో వేశాను. మామ దానివైపు, పెళ్ళిలో విస్తట్లో వదిలేసిన లడ్డువైపు చూసినట్టు చూశాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. గోరువెచ్చగా చేసిన హైపోక్లోరైటు, పక్కన రంధ్రం ఉన్న సన్నటి సూది. సూది చివరికి రెండు మిల్లీమీటర్లు పైనే ఆగాలి, గోడకు బిగుసుకోకూడదు, కదులుతూ ఉండాలి, వేలితో మెల్లగా తొయ్యాలి. పోస్తూ ఉంటే మా అసిస్టెంటు సెల్వి పక్కనుంచి లాగేస్తూ ఉంది. పొయ్యడంతో సరిపోదు, సన్నటి కాలువలో నీళ్ళు కదలకుండా నిలబడిపోతాయి. అందుకని లోపల సన్నగా కంపించే అల్ట్రాసోనిక్ కొన పెట్టి కదిలించాలి. కదిలించగానే మబ్బులాంటి మురికి పైకి వచ్చింది. ద్రావణం మార్చాను, కదిలించాను. మళ్ళీ మబ్బు.

అలా చాలాసేపు గడిచాక సెల్వి లాగడం ఆపేసి వంగి చూసింది. "సార్, పక్క దాంట్లో!"

ముక్క ఇరుక్కున్న కాలువలోనుంచి, నేను అసలు తాకని కాలువలోనుంచి, బుడగలు వస్తున్నాయి. రెండు కాలువలు అడుగున ఎక్కడో కలుస్తున్నాయి. ఫైలు పోలేనిచోటికి మందునీళ్ళు ముక్క పక్కనుంచి దూరి పైకి వస్తున్నాయి. నా వృత్తిలో నేను చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటి. ఆవగింజ మీద పట్టేంత అందం.

మామ నా భుజం మీదుగా వంగి చూశాడు. కొత్త సిరంజీ నింపి నా చేతికి అందించాడు.

గొడుగు విప్పగానే పెద్దమ్మ అడిగిన మొదటి మాట: "లెక్క ముగిసిందా?"

"సగం. మందు పెట్టి మూస్తిని. పొక్కు ఆరితే మిగతా సగం."

బోర్డు కింద బోర్డు

రెండోసారి వచ్చేసరికి పొక్కు ఆరిపోయింది. మళ్ళీ కడిగి మూసేశాను. ఏడాది తర్వాత ఎక్స్‌రేలో మిరియం గసగసాల గింజయింది, ఆపైన అదీ లేదు. ముక్క మాత్రం అలాగే మెరుస్తూ ఉంది. పెద్దమ్మ ఆ ఎక్స్‌రేను ఇంటికి వచ్చినవాళ్ళందరికీ కిటికీ వెలుగులో చూపించేది. "నా తమ్ముడు నాకు పెట్టిన నగ. తీసేదానికి లేదు," అనేది.

మామ ఇంక నన్ను గడప తొక్కొద్దనలేదు. హైపోక్లోరైటు సీసా అలమరలోకి వచ్చింది, వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు. "కంప్యూటర్ మోటార్ రూట్ కెనాల్" కింద ఇంకో వరుస చేరింది: "స్పెషల్ వాటర్ వాష్‌తో." అది చదివి స్కూటరు సర్వీసుకు వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆమె పన్ను నిలిచింది జపాను మోటారు వల్లేనని మామ పేషెంట్లకు చెప్తుంటే విన్నాను. నేను ఖండించలేదు. పన్ను నిలిచింది, ఎవరు నిలబెట్టారన్నది నమలడానికి అవసరం లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. కడగమన్నాను కదా అని సూదిని కాలువలో బిగించి గట్టిగా తోసిన ఒక యువ డాక్టరు సూలూరులో ఉన్నాడు. హైపోక్లోరైటు వేరు దాటి కండలోకి పోయి, పేషెంటు చెంప క్షణాల్లో బన్నులా ఉబ్బింది, నొప్పికి అతను అరిచాడు. వారాలకు తగ్గింది కానీ, ఆ పేషెంటు ఇప్పటికీ వీధిలో మా వృత్తివాణ్ణి చూస్తే పక్క సందులోకి తిరుగుతాడు. ఆ డాక్టరు నాతో అన్న మాట: "సార్, ప్రెషరు బాగుంటే బాగా కడుగుతుందనుకున్నాను." పెద్ద మోటారు భక్తుడే, సిరంజీ పట్టుకున్నాడంతే. కంపెనీవాళ్ళు ఏటా కొత్త మోటారు తెస్తారు, వేగం మారుతుంది, రంగు మారుతుంది, పెట్టెకు తెర వస్తుంది. కొనండి, తప్పులేదు. కానీ పేషెంటుకు బిల్లులో కనిపించని ఆ కడిగే సేపును తగ్గించుకుంటే, మీరు కొన్నది తప్పును వేగంగా చేసే యంత్రం.

నేను పని మానేసే ముందు చివరిగా చేసిన దవడ పన్ను మామది. కుడి కింద, పెద్దమ్మకు ఉన్నచోటే. రాత్రంతా చెంప పట్టుకుని కూర్చుని, తెల్లవారగానే వచ్చాడు. పెద్దమ్మ కూడా తోపునుంచి వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె ఒడిలో ముదురు కొబ్బరి ముక్కలు.

కుర్చీలో పడుకుంటూనే మామ మొదలుపెట్టాడు. "వరదా, ఫైలు కొత్తదే కదా?"

"కొత్తదే మామా."

"పెట్టె నా ముందర విప్పు. పొడవు మీటరు పెట్టి చూడు, సుమ్మా, ఊరికే చేత్తో చూడొద్దు. వేగం ఎంత పెడతివి? తగ్గించు. ఆ వెనక్కి తిరిగేది వేసి ఉండాదా? నీళ్ళు బాగా పెట్టు, తొందరపడొద్దు. సూది బిగించేవు..."

పెద్దమ్మ కొబ్బరి ముక్క ఒకటి కుడిపక్క వేసుకుని కరకరా నమిలింది. గది అవతలికి వినపడేంత చప్పుడు.

"ఏమిరా గోపాలూ, చెయ్యి చెప్తాదంటివే. ఇప్పుడు ఏమి చెప్తా ఉండాది?"

మామ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. నేను గొడుగు కట్టేశాను.